కారు ధర తగ్గింది, కారు ఖర్చు తగ్గలేదు: రాయ్‌పూర్ నుంచి ఒక లెక్క

2025 సెప్టెంబర్ 22న, నవరాత్రుల తొలిరోజున, దేశంలో కార్ల మీద జీఎస్టీ తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కార్లకు అంతవరకు 28 శాతం పన్ను, దాని మీద సెస్సు ఉండేవి. అవి పోయి 18 శాతం మిగిలింది. పెద్ద కార్లకు పన్ను, సెస్సు కలిసి 50 శాతం దాకా పోయేది, ఇప్పుడది 40. అదే ఏడాది రిజర్వు బ్యాంకు రెపో రేటును ఫిబ్రవరి నుంచి డిసెంబర్ లోగా విడతలుగా 6.5 శాతం నుంచి 5.25 శాతానికి దించింది. బడ్జెట్ చూస్తే, కొత్త పద్ధతిలో రూ.12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేకుండా చేసింది. మధ్యతరగతి ఇంటిముందు కారు నిలబెట్టడానికి ఇంతకంటే అనుకూలమైన ఏడాది ఈ మధ్యకాలంలో రాలేదు.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో దీనికి మరొకటి తోడైంది. 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరిగిన ఆటో ఎక్స్‌పోలో కొన్న వాహనాలకు జీవితకాల రోడ్డు పన్నులో సగం మాఫీ చేస్తూ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. పన్ను 80 వేలు పడే కారుకు 40 వేలు మిగులుతాయి. ఎక్స్‌పో ఎప్పుడా అని కొనుగోలు వాయిదా వేసుకుని కూర్చునేవాళ్లు అక్కడ తక్కువేమీ కాదు.

ఇంత తగ్గినప్పుడు మనిషి చేసే మొదటి పని తక్కువ ఖర్చు పెట్టడం కాదు, ఒక మెట్టు పైకెక్కడం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. చిన్న కారు కొందామని షోరూముకు వెళ్లిన కుటుంబం, జీఎస్టీలో మిగిలిన 60 వేలకు మరో 60 వేలు కలిపి పై వేరియంట్ తీసుకుంటుంది. పై వేరియంట్ దాకా వచ్చాక ఇంకో లక్ష వేస్తే ఎస్‌యూవీయే వస్తుందని సేల్స్ కుర్రాడు చెబుతాడు. అతను చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే ఆ లక్ష మీ జీతంలో ఎక్కడి నుంచి వస్తుందన్నది అతని ప్రశ్న కాదు. 2024-25లో దేశంలో సుమారు 43 లక్షల ప్యాసింజర్ వాహనాలు అమ్ముడైతే అందులో 65 శాతం యుటిలిటీ వాహనాలే. ఒకప్పుడు 'కుటుంబ కారు' అంటే కళ్లముందు మెదిలే చిన్న హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు మైనారిటీలో పడింది.

రాయ్‌పూర్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. జాతీయ గృహ వినియోగ వ్యయ సర్వే 2023-24 ప్రకారం దేశంలోని రాష్ట్రాల్లో తలసరి నెలసరి ఖర్చు అతి తక్కువగా ఉన్నది ఛత్తీస్‌గఢ్‌లోనే. అక్కడి పట్టణాల్లో మనిషికి నెలకు రూ.4,927. దేశ పట్టణ సగటు రూ.6,996. అంటే ఛత్తీస్‌గఢ్ పట్టణంలో నలుగురున్న సగటు కుటుంబం తిండి, బట్ట, అద్దె, చదువు, మందులు అన్నింటికీ కలిపి నెలకు పెట్టే ఖర్చు 20 వేల లోపే. ఈ అంకెను గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

మరోవైపు అదే నగరం ఉక్కు, స్పాంజ్ ఐరన్, సిమెంటు, వ్యాపారాల మీద ఎదిగింది. సిల్తరా, ఉర్లా పారిశ్రామికవాడలు, పక్కనే భిలాయ్ ఉక్కు కర్మాగారం, రైల్వేలు, ఇరవై కిలోమీటర్ల అవతల నవా రాయ్‌పూర్‌లో సచివాలయం. ఈ ఊళ్లలో మనవాళ్లు తరాల నుంచి ఉన్నారు. రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం పడ్డాక, ఆ తర్వాత భిలాయ్‌లో కొలిమి వెలిగాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, ఛత్తీస్‌గఢీ. కారు విషయంలో వీళ్ల లెక్క హైదరాబాదు లెక్కతో కలవదు. నగరంలో మెట్రో లేదు, సిటీ బస్సును నమ్ముకుని ఉద్యోగం చేయలేం. ఎండాకాలం 45 డిగ్రీలు మామూలే. ఏడాదికి ఒకటి రెండుసార్లు 'ఊరు' వెళ్లాలి, ఆ ఊరు 500, 600 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

బ్యాంకు ఇచ్చేంత కాదు

ఎంతలో కొనాలన్న ప్రశ్నకు సాధారణంగా దొరికే జవాబు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి బ్యాంకు. ఆదాయంలో సగం దాకా వాయిదాలకు పోయినా అప్పివ్వడానికి చాలా సంస్థలు వెనకాడవు. కాబట్టి 'మీకు 10 లక్షల అర్హత ఉంది సార్' అన్న మాటకు అర్థం, మీరు అంత కట్టగలరని వాళ్లు నమ్మారని మాత్రమే. అంత కట్టాక మీ ఇల్లు ఎలా నడుస్తుందో వాళ్లు చూడలేదు. రెండోది అమెరికా నుంచి వచ్చిన సూత్రం. ధరలో 20 శాతం ముందు చెల్లించు, నాలుగేళ్లలో అప్పు తీర్చు, కారు ఖర్చంతా కలిపి ఆదాయంలో 10 శాతం దాటనివ్వకు అంటుంది. యూట్యూబులో మనవాళ్లు దీన్ని మంత్రంలా వల్లిస్తుంటారు. నెలకు లక్ష జీతం ఉన్న ఇంటికి ఈ లెక్కన 10 వేలు వస్తుంది. మన దగ్గర పెట్రోలు, బీమా, సర్వీసింగు పోగా అందులో వాయిదాకు మిగిలేదెంత? సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే భారతదేశంలో కారు కొనేవాళ్లు చాలావరకు స్కూటరుకు తిరిగి వెళ్లాలి. అక్కడి జీతాలకూ కారు ధరకూ ఉన్న నిష్పత్తి వేరు, ఇక్కడిది వేరు. మొదటి రెండు షరతులు మనకూ పనికొస్తాయి. మూడోదాన్ని మనమే కట్టుకోవాలి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త రైల్వేలో, భార్య ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరిదీ కలిపి చేతికొచ్చేది నెలకు రూ.85,000. ఇద్దరు పిల్లలు, దగ్గరే ఉండే అత్తగారు. బ్యాంకులో 5 లక్షల పొదుపు ఉంది. వాళ్ల ముందు రెండు దార్లున్నాయి.

మొదటిది అన్నీ కలిపి రోడ్డు మీదకు వచ్చేసరికి 10 లక్షలయ్యే కారు. 2 లక్షలు కట్టి 8 లక్షలు అప్పు తీసుకున్నారు. 9 శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెల వాయిదా సుమారు రూ.16,600. నెలకు 800 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 15 వచ్చినా, వంద రూపాయల దరిదాపుల్లో ఉన్న పెట్రోలుకు 5,300 పోతుంది. బీమాను నెలల మీద పరిస్తే 1,800, సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ కలిపి 1,250, టోలు, పార్కింగు, కడిగే మనిషి అన్నీ ఒక వెయ్యి. మొత్తం 26 వేలు. చేతికొచ్చే డబ్బులో 30 శాతం. ఇందాకటి అంకె గుర్తు చేసుకోండి. ఈ కారుకయ్యే నెల ఖర్చు, అదే రాష్ట్రపు పట్టణంలో ఒక సగటు కుటుంబం మొత్తం బతకడానికి పెట్టే ఖర్చు కంటే ఎక్కువ. పోలిక దెప్పడానికి చేసింది కాదు. మనం 'చిన్న కారేగా' అనుకునే దాని బరువు ఎంతో చూపడానికి.

రెండోది 7 లక్షల కారు. రెండున్నర లక్షలు కట్టి నాలుగున్నర లక్షలు నాలుగేళ్లకు తీసుకుంటే వాయిదా 11,200. చిన్న కారు కాబట్టి పెట్రోలు, బీమా, సర్వీసు కొంచెం కొంచెం తగ్గుతాయి. మొత్తం 19 వేల చిల్లర, అంటే 23 శాతం లోపు. నాలుగేళ్లు దాటాక వాయిదా పోయి నెలకు 8 వేలలో బండి నడుస్తుంది. పొదుపులో సగం చేతిలోనే ఉంటుంది.

నా అంచనా ప్రకారం అప్పు ఉన్నన్నాళ్లు చేతికొచ్చే జీతంలో పాతిక శాతం దాటకూడదు. ఇంటి అప్పు కూడా నడుస్తుంటే ఇరవై కూడా ఎక్కువే. ఇది ఏ శాస్త్రం నుంచీ తీసింది కాదు. బడి ఫీజు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, ఏడాదికొక పెళ్లి, ఒక ఆస్పత్రి ఖర్చు పక్కన పెట్టి చూస్తే తేలే అంకె. దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2022-23లో జీడీపీలో 5 శాతం దరిదాపులకు, దశాబ్దాల కనిష్ఠానికి పడిపోయింది. ఆ పడిపోవడంలో వాహన రుణాల వాటా కూడా ఉంది.

ఏడేళ్ల అప్పు

వాయిదా ఎక్కువగా ఉందంటే షోరూములో వెంటనే వచ్చే సలహా, కాలం పెంచమని. ఐదేళ్లకు 16,600 ఉన్న వాయిదా ఏడేళ్లకు 12,900కు దిగుతుంది. నెలకు 3,700 తగ్గినట్టు కనబడుతుంది. వడ్డీ మాత్రం 1.96 లక్షల నుంచి 2.81 లక్షలకు పెరుగుతుంది. అయినా నాకు వడ్డీ కంటే పెద్ద భయం మరొకటి ఉంది.

కారు విలువ పడిపోయే వేగం అప్పు తీరే వేగం కంటే ఎక్కువ. బీమా సంస్థలు వాడే పట్టిక ప్రకారం కారు విలువలో ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40 శాతం కోత పడుతుంది. మన 10 లక్షల కారు షోరూము ధర 8.8 లక్షలు అనుకుంటే, మూడేళ్లు దాటిన తర్వాత బీమా విలువ 5.28 లక్షలు. ఏడేళ్ల అప్పులో అప్పటికి బ్యాంకుకు ఇంకా కట్టాల్సింది 5.17 లక్షలు. ఆ రోజు బండి ఏ లారీ కిందో పడి పూర్తిగా పోతే, బీమా డబ్బు బ్యాంకుకు ఇచ్చాక చేతిలో మిగిలేది పదివేల రూపాయలు. మూడేళ్లు వాయిదాలు కట్టిన మనిషి తిరిగి స్కూటరు మీదకు వస్తాడు. ఐదేళ్ల అప్పయితే అప్పటికి బాకీ 3.6 లక్షలే, లక్షన్నరకు పైగా మిగులుతుంది. రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను, మొదటి ఏడాది బీమా కింద పోసిన డబ్బు ఎలాగూ తిరిగిరాదు.

షోరూము కాగితంలో ధర పక్కన ఉండే చిన్న పద్దులు కూడా చూసుకోవాలి. బీమా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిబంధన లేదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకు దాని ప్రీమియం రూ.10,640, పైన జీఎస్టీ. ఇది ఏ సంస్థ దగ్గరైనా ఒకటే. తేడా అంతా సొంత నష్టం భాగంలో, దానికి తగిలించే అదనపు రక్షణల్లో ఉంటుంది. 10 లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్ కూడా వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో చూపి తిరిగి తీసుకోవచ్చు. చాలామంది అది కూడా పన్నే అనుకుని వదిలేస్తారు.

ఎన్ని కిలోమీటర్లు?

ధరకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. 10 లక్షల కారు ఎనిమిదేళ్లు వాడి 3 లక్షలకు అమ్మారనుకుందాం. విలువలో తరుగు, వడ్డీ, బీమా, సర్వీసు కలిపి, బండి కదలకపోయినా ఏడాదికి సుమారు లక్షా 49 వేలు. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుతో కలిపి కిలోమీటరుకు 21 రూపాయల పైమాట పడుతుంది. 5 వేలే తిరిగితే 36 రూపాయలు. చాలా ఇళ్లలో కారు వారానికి రెండుసార్లు, అదీ ఆదివారం తేలిబాంధా చెరువు గట్టుకో, పెళ్లికో బయటికి వస్తుంది. మిగతా రోజులు గుడ్డ కప్పుకుని నిద్రపోతుంది. అలాంటి ఇంటికి నెలకు 12 వేల రూపాయల టాక్సీ ఖర్చు కూడా పెద్ద విలాసం కాదు, ఎందుకంటే ఆ 12 వేలు నిలబడి ఉన్న కారు ఎలాగూ తినేస్తోంది. ఏనుగును కొన్నవాడు ధర దగ్గర గీచి గీచి బేరమాడి, మేత సంగతి మరిచిపోయినట్టుంటుంది మన వ్యవహారం.

ఊరి ప్రయాణం కోసమే కారు అనుకునేవాళ్లకు ఇంకో మాట. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్, విశాఖపట్నం మధ్య వందే భారత్ నడుస్తోంది. రాయ్‌పూర్, తిత్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా ఎనిమిది గంటల ప్రయాణం. రోడ్డు మీద ఇప్పుడున్న దారిలో అదే దూరానికి పన్నెండు గంటలు పట్టవచ్చు, మధ్యలో కొండలు. అభన్‌పూర్ దగ్గర నుంచి సబ్బవరం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి నిర్మాణంలో ఉంది. అది పూర్తిగా అందుబాటులోకి వస్తే ప్రయాణ సమయం సగానికి తగ్గుతుందంటున్నారు. అప్పుడు లెక్క మారుతుంది. రేపు రాబోయే రోడ్డు కోసం ఇవాళ పెద్ద ఎస్‌యూవీ కొనడం మాత్రం నాకు అర్థం కాదు. రోడ్డు వచ్చేసరికి బండి పాతబడుతుంది.

ఇంతా చెప్పి కారే వద్దంటున్నానని అనుకోవద్దు. కారు కొనడానికి డబ్బు లెక్కలో ఇమడని గట్టి కారణం ఒకటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. భార్యాభర్తలు, మధ్యలో ఒక పిల్ల, ముందు ట్యాంకు మీద ఇంకొకడు, రింగు రోడ్డు మీద ఇనుము మోసే లారీల పక్కన. ఈ దృశ్యాన్ని రాయ్‌పూర్‌లో రోజూ చూస్తాం. డయాలిసిస్‌కో, కీమోథెరపీకో టాటీబంధ్‌లోని ఎయిమ్స్‌కు నెలకు నాలుగుసార్లు వెళ్లే పెద్దవాళ్లున్న ఇంటికి కారు ఆడంబరం కాదు. అలాంటి ఇల్లు పాతిక శాతం గీత కొంచెం దాటినా నేను తప్పుపట్టను.

అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలన్నదీ తేలుతుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు ఇప్పుడు ఆల్టో కె10 లాంటి చిన్న కార్లలోనే ప్రామాణికంగా వస్తున్నాయి. 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలై, ఏ కారుకు ఎన్ని నక్షత్రాలో ఎవరైనా చూసుకోవచ్చు. బండి జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, పిల్లల సీటు బిగించే కొక్కేలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వంగకుండా ఎక్కగలిగే వెనక సీటు, వెనకదాకా వచ్చే ఏసీ. వీటికి 50 వేలు ఎక్కువైనా పెట్టవచ్చు. మే నెలలో రాయ్‌పూర్ ఎండకు తెరవలేని సన్‌రూఫ్ కోసం లక్ష పెట్టడం మాత్రం సరదాకే. సరదా తప్పని కాదు, దాన్ని కుటుంబ అవసరం పద్దులో రాయకూడదు.

సెకండ్ హ్యాండ్ మాట ఎత్తితే మన ఇళ్లలో మొహాలు ముడుచుకుంటాయి. బీమా పట్టిక మళ్లీ చూడండి. మొదటి మూడేళ్లలో 40 శాతం విలువ మొదటి యజమాని నెత్తిన పడుతుంది. మూడు, నాలుగేళ్ల బండి, సర్వీసు చరిత్ర ఉన్నది, తెలిసిన మెకానిక్కుకు చూపించి తీసుకుంటే 7 లక్షల కారు హాయి నాలుగున్నరకు దొరుకుతుంది. పాత కారు అప్పుకు వడ్డీ ఎక్కువ కాబట్టి అప్పు తక్కువ పెట్టుకుంటేనే ఈ దారి లాభం. డీలర్లు అమ్మే పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ అన్నది కూడా చాలామంది అనుకున్నట్టు మొత్తం ధర మీద కాదు, వాళ్ల లాభం మీదే. ఎవరైనా సొంత బండిని నేరుగా మీకు అమ్మితే అది కూడా లేదు.

కారు ధరను తేల్చేది చాలాసార్లు కొనేవాళ్లు కూడా కారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు. 1961 చట్టం కట్నాన్ని నిషేధించి అరవై ఏళ్లు దాటినా, 'మీ అల్లుడికే కదా' అన్న మాటతో రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు పీఎఫ్ తీసి 12 లక్షల బండి కొన్న తండ్రులు మన మధ్యే ఉన్నారు. అక్కడ ఏ శాతాల సూత్రమూ పనిచేయదు.

ఇక ప్రవాసులకే ప్రత్యేకమైన విషయం. రాయ్‌పూర్‌లో సీజీ 04 నంబరుతో జీవితకాల పన్ను కట్టేసి, మూడేళ్ల తర్వాత బదిలీ మీదో రిటైరయ్యో విశాఖ వెళ్లినవాళ్లు అక్కడ బండిని ఏడాదికి మించి ఉంచుకుంటే మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో బండి వయసును బట్టి పన్ను కట్టాలి, ఛత్తీస్‌గఢ్ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, మిగిలిన కాలానికి అక్కడి పన్ను వెనక్కి అడగాలి. తెలంగాణకు వస్తే పన్ను ఇంకా బరువు, 5 నుంచి 10 లక్షల కారుకే 14 శాతం. ఎక్స్‌పోలో సగం పన్నుకు కొన్న ఆనందం ఇక్కడ ఆవిరవుతుంది, ఎందుకంటే రాయితీ ఇచ్చింది ఆ రాష్ట్రం, పూర్తి పన్ను అడిగేది ఈ రాష్ట్రం. రైల్వే, ఉక్కు కర్మాగారం, కేంద్ర కార్యాలయాల్లో పనిచేసేవాళ్లకు, నాలుగు రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ ఉంది. అందులో పన్ను రెండేళ్ల చొప్పున కడితే చాలు, రాష్ట్రం మారినా నంబరు మారదు. దాని అమలులో రాష్ట్రాల మధ్య తేడాలున్నాయి కనుక బుకింగుకు ముందే ఆర్టీవో కార్యాలయంలో అడిగి తేల్చుకోవాలి. బండికి ఒకసారి సీజీ నంబరు పడ్డాక మార్చుకోవడం వేరే తంతు. అయిదేళ్లలోపు రిటైరవుతూ విశాఖలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లయితే, రాయ్‌పూర్‌లో ఉన్న పాత బండినే ఇంకొన్నాళ్లు లాగించి, కొత్తది అక్కడికి వెళ్లాక కొనుక్కోవడమే చౌక.